సన్న బాణానికి ఏ ఈక

మా తోడికోడలు దర్జీ. ఆవిడ చేతిలో పడ్డ బట్ట బాగుపడకుండా బయటికి పోదు. ఆవిడ చేతిలో పడ్డ మనిషి సంగతి మాత్రం నేను చెప్పను, ఎందుకంటే ఆ మనిషి మా మరిది. కింది వాటాలో వీధివైపు గది ఆవిడ కొట్టు. కిటికీ పక్కన మిషను, గోడ పొడుగునా వేలాడే చొక్కాలు, ఎంత ఊడ్చినా ఊడ్చనట్టే ఉండే దారప్పోగులు. పై వాటాలో మేము. మిషను చప్పుడు ఆగితే నాకు పైన తెలిసిపోతుంది. ఆగిందంటే కరెంటు అయినా పోయుండాలి, ఆవిడ మైదానానికైనా పోయుండాలి.

ఆ మైదానం గోల సంచులతో మొదలైంది. విలువిద్య క్లబ్బువాళ్ళు బాణాలు పెట్టుకునే తోలు సంచులు కుట్టించుకుందామని ఈవిడ దగ్గరికి వచ్చారు. సంచి భుజాన ఎలా కూర్చుంటుందో చూస్తేగానీ కత్తెర పెట్టనంటూ ఈవిడే అక్కడికి వెళ్ళింది. ఎవరో చేతికి విల్లిచ్చారు. అంతే! యాభై దాటిన మనిషి, ఆదివారం వస్తే విల్లు తగిలించుకుని బయలుదేరడం మొదలుపెట్టింది. వీధి వీధంతా ముక్కున వేలేసుకుంది. నేను వేసుకోలేదు. ఊపిరాడాలి కదా.

ఆ విల్లు టీవీలో చూపించే చక్రాలూ గొట్టాలూ ఉన్న విల్లు కాదు. వంచిన చెక్క, దానికో నారి, బాణం ఆనడానికి పిడి మీద చిన్న గట్టు. గురి చూసుకోవడానికి దేవుడిచ్చిన కళ్ళు. ఇన్నేళ్ళు సూదితో వేగిన చెయ్యి కదా, తొందరగానే పట్టుబడింది. దూరపు టార్గెట్టుకు గురిపెట్టేవాళ్ళ వరసలో ఆవిడకంటూ ఒక చోటు ఏర్పడింది.

కిందటి వానల్లో మెట్ల మీద జారి పడితే భుజం ఎముక తొలిగింది. నయమైంది గానీ పాత బలం తిరిగి రాలేదు. బలమైన విల్లు లాగితే మళ్ళీ నా దగ్గరికే వస్తావన్నాడు డాక్టరు. సరేనని మెత్తటి విల్లు పుచ్చుకుంది. పుచ్చుకుంటే సరిపోయిందా? ఆవిడ చెక్క బాణాలు లావుపాటివి, బరువైనవి. ఈ మెత్తటి విల్లు నుంచి బయలుదేరి, సగం దారిలో అలసిపోయి, గడ్డిలో చతికిలబడేవి.

అక్కడ నేర్పేది ఒకప్పటి డ్రిల్లు టీచరు. ఆవిడ నోరు చూస్తే నాకే ముచ్చటేస్తుంది. "వచ్చే ఆదివారం పరీక్ష పెడుతున్నాను. బాణం దూరపు టార్గెట్టుకు చేరనివాళ్ళు దగ్గరి వరసలోకి, కొత్తవాళ్ళ పక్కకి జరగాల్సిందే. మొహమాటాలేం లేవు," అని చెప్పేసింది.

ఇంటికొచ్చి మొహం మాడ్చుకుని కూర్చుంది మా తోడికోడలు.

"జరిగితే జరిగావులేవే! దగ్గర నుంచి కొడితే తగలదా ఏం?" అన్నాను.

ఆవిడ సూదిలో దారం ఎక్కిస్తోంది. ఎక్కించి, ముడేసి, అప్పుడు తలెత్తింది.

"పొద్దున లేస్తే నా చూపు ఈ సూది దాకానే అక్కా. నేను దూరం చూసేది అక్కడొక్కచోటే. దాన్ని కూడా దగ్గరికి లాగేస్తే ఇంక నా కళ్ళకేం మిగిలింది?"

నోరున్న దాన్నే నేను. అయినా లేచి ఆవిడ మిషను మీది దీపం వేశాను.

ఉపాయం మళ్ళీ ఆ డ్రిల్లు టీచరే చెప్పింది. కార్బన్ బాణాలు వాడమంది. అవి పెన్సిలు కన్నా సన్నం, నల్లగా నిగనిగలాడుతుంటాయి, చేతిలో పెడితే పెట్టినట్టే ఉండదు. తెచ్చి బల్ల మీద పరిస్తే మా మరిది ఒకటి తీసి అటూ ఇటూ తిప్పి చూశాడు.

"వీటితో చెవిలో గులిమి తీసుకోవచ్చేమో!"

"మీరు ముందు తీసుకోండి. అప్పుడైనా నేను చెప్పేది వినపడుతుంది," అంది ఆవిడ.

ఆ బాణాల తోకలకు ప్లాస్టిక్ రెక్కలు అంటించి ఉన్నాయి. చక్రాల విల్లులకు అవి సరిపోతాయట. ఈవిడ విల్లుకు మాత్రం బాణం గట్టును రాసుకుంటూ పోవాలి. ప్లాస్టిక్ వంగదాయె. అది చెక్కకు కొట్టుకుని తోక ఎగరేసి పక్కకు తంతుంది. ఈక అయితే తగిలినా ఒదిగి జారుకుంటుంది. అందుకని ఈకలే పెట్టాలి. అంతవరకు ఆవిడకూ తెలుసు. ఏ ఈక అన్నదే తలనొప్పి.

ముందు తన పాత బాణాల ఈకలు పీకి పెట్టింది. జానెడుకు కాస్త తక్కువ, పెద్దవి. బాణం బుద్ధిగా, తిన్నగా పోయింది గానీ, అంత సన్నటి ఒంటికి అంత పెద్ద తోక! గాలినంతా ఈడ్చుకుంటూ బుస్సుమని పోయి టార్గెట్టు కాళ్ళ దగ్గర పడింది. సరే అని క్లబ్బులో అడిగి తెచ్చిన గోరంత చిన్నవి పెట్టింది. ఈసారి దూరం చేరింది గానీ దారి పొడుగునా తోక ఊపుకుంటూ పోయి ఒక్కోటీ ఒక్కో మూల తగిలింది. మధ్యరకం ఉంటుంది, వేలెడు పొడుగు, ఎత్తు బాగా తక్కువ. దాన్ని ఎంచుకుంది. ఎంపికకు వంక పెట్టడానికి లేదు. కానీ అక్కడే ఆవిడలోని దర్జీ అడ్డం పడింది.

ఈకల కొట్టువాడు అడిగాడట, పక్షి ఎడమ రెక్కవి కావాలా, కుడి రెక్కవి కావాలా అని. చెక్క బాణాలకు ఈకలు క్లబ్బువాళ్ళే అంటించి ఇచ్చేవాళ్ళు. ఈవిడకు ఆ ప్రశ్న ఎదురవడం అదే మొదలు. అయినా తడుముకోకుండా సగం అవీ సగం ఇవీ కట్టించుకుంది. ఒక బాణానికి మూడు ఈకలు. ఒకదానికి రెండు ఎడమవి, ఒక కుడిది. పక్కదానికి రెండు కుడివి, ఒక ఎడమది. ఎవరికీ అన్యాయం జరగకుండా పంచింది. శుక్రవారం పొద్దున మైదానానికి పోయి వేసి చూస్తే, ఆ బాణాలు తాగి ఇంటికొచ్చేవాడిలా అటు రెండడుగులు ఇటు రెండడుగులు.

మా మరిది పక్కనే ఉన్నాడు. "అచ్చం మా వదిన మాటల్లాగే! ఎవరికి తగులుతాయో ఆవిడక్కూడా తెలీదు," అన్నాడట. ఇంటికొచ్చి నాతో చెప్పాడు కూడా, ధైర్యం చూడండి. ఎవరికి తగలాలో నాకు తెలుసని ఆ పూట అతనికి అర్థమయ్యేలా చెప్పాను.

అక్కడ మైదానంలో డ్రిల్లు టీచరు బాణం తీసి తోక చూసి నవ్వడం మొదలుపెట్టిందట. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది.

"రెండు రెక్కలవీ కలిపి అంటించావా తల్లీ?"

"మరి? చొక్కాకు రెండూ ఎడం చేతులే కుడతారా ఎవరైనా?"

"ఇది చొక్కా కాదమ్మా! ఎడమ రెక్క ఈక ఒకవైపుకు వంగుతుంది, కుడిది రెండోవైపుకు. ఎగిరేటప్పుడు ఒకటి బాణాన్ని ఇటు తిప్పుతుంటే ఇంకోటి అటు తిప్పుతుంది. ఏదైనా ఒకే రెక్కవి పెట్టు. అప్పుడు బాణం ఒకేవైపుకు తిరుగుతూ తిన్నగా పోతుంది."

"ఈ ముక్క కొట్టువాడు చెప్పొద్దూ?"

"వాడు అడిగాడు కదా! నువ్వే రెండూ కావాలన్నావు."

ఇంటికొచ్చి ఆ మధ్యాహ్నం కొట్టు తలుపు వేసేసింది. నన్ను కిందికి పిలిచింది. మొండి చాకుతో జిగురు గీకుతూ ఈకలు ఊడదీసింది. కార్బన్ గీసుకుపోతే బాణం పనికిరాదట, చంటిపిల్ల గోళ్ళు తీస్తున్నంత మెల్లగా గీకింది. నా పని ఈకలు ఏరడం. మొదలు మనవైపు పెట్టుకుని చూస్తే ఏ పక్కకు ఒరుగుతుందో కనపడుతుంది. నా కళ్ళకు కనపడకపోతే వేలికి తెలుస్తుంది. చాలా ఈకలు చిరిగిపోయాయి. ఎడమవి ఆరు బాణాలకు సరిపడా దక్కాయి. పరీక్షకూ ఆరే కావాలి.

ఈక అడుగున ఉండే కాడ ఆ సన్నటి బాణానికి వెడల్పయిపోయి అంచులు లేస్తున్నాయి. గరుకు కాయితం మీద రుద్ది రుద్ది కాడను పలచన చేసింది. అంటించి, ఆరాక, ప్రతి ఈక ముందు కొననూ పట్టుదారంతో చుట్టి బిగించింది. లేకపోతే బాణం వదిలినప్పుడు ఆ కొన వేలిని చీరుకుంటూ పోతుంది. దారం చుట్లన్నీ పక్కపక్కనే, ఒకదాని మీద ఇంకోటి ఎక్కకుండా. ఆవిడ కాజాలు కుట్టేటప్పుడు కూడా అంత శ్రద్ధ నేను చూడలేదు.

"ఈసారీ తిన్నగా పోకపోతే?" అన్నాను.

"పోకపోతే తప్పు నాదని తేలుతుంది. ఇప్పటిదాకా ఈకలదో నాదో తెలీక చస్తున్నాను," అంది.

ఆదివారం నేనూ వెళ్ళాను, మడత కుర్చీ మా మరిది చేత మోయించుకుని. దూరపు టార్గెట్టు నిజంగా దూరమే. దాని నడిమధ్య పసుపు చుక్క ఒకటి నాకు ఊగుతూ కనపడింది, అదీ నా కళ్ళజోడు పుణ్యమే. ఆవిడ వంతు వచ్చింది. నిలబడింది. లాగింది. వదిలింది. చప్పుడు లేదు. పోయిందో లేదో తెలియనంత సన్నగా పోయి, దూరంగా టప్పుమంది.

"చేరింది!" అని నా చెయ్యి గిల్లాడు మా మరిది. పెళ్ళాం బాణం వేస్తే వదిన చెయ్యి గిల్లడమేమిటో.

ఆరూ చేరాయి. అందరూ టార్గెట్టు దగ్గరికి నడిచారు, వెనకాలే నేనూ. దగ్గరికి పోయి చూస్తే పసుపులో ఒక్కటీ లేదు. ఐదు బాణాలు పసుపుకు కింద గుప్పెట్లో పట్టేంత చోట గుమిగూడాయి. ఆరోది వాటితో అలిగినట్టు బెత్తెడు ఎడంగా. మా తోడికోడలు వాటిని వేలితో లెక్కపెట్టింది.

"మధ్యలో ఒక్కటి కూడా పడలేదు," అంది.

డ్రిల్లు టీచరు వంగి బాణాలను చూసింది. తర్వాత ఆవిడను చూసింది.

"చెల్లాచెదురుగా పడితే బాణాల తప్పు. ఇన్ని ఒక్కచోట పడ్డాయంటే బాణాలు బంగారం. నువ్వే ఇంకా పాత విల్లు గురి పెడుతున్నావు. ఇది మెత్తటిది, కాస్త పైకి చూడాలి."

"అంటే నేను దగ్గరి వరసకా?"

"నేనేమన్నాను? కాస్త పైకి చూడమన్నాను. ఇక్కడే నిలబడి."

మా తోడికోడలు బాణాలు తానే పీక్కుంది, ఎవర్నీ తాకనివ్వలేదు. పెదవులు బిగించుకుని, నవ్వు బయటపడకుండా నానా తంటాలూ పడుతూ అంత దూరమూ వెనక్కి నడిచింది. వెళ్ళి తన చోట్లో నిలబడి మళ్ళీ బాణం నారికి తగిలించింది.

"అయిపోయింది కదా! ఇంటికి పోదామా?" అన్నాడు మా మరిది, కుర్చీ మడత పెడుతూ.

"మీరూ అక్కా పదండి. నేను పైకి చూస్తున్నాను," అంది, తల తిప్పకుండా.

కుర్చీ మళ్ళీ విప్పమన్నాను.