డోఫీన్ ముక్కులో సిమెంటు బస్తా

మా తమ్ముడు సెలెస్తాన్ కబనెల్ తాపీమేస్త్రి. మా కోర్బియేర్ కొండల్లో ద్రాక్షతోటల గోడలు సగం వాడి చేతివే. రాయి పేర్చడంలో ఎంత నెమ్మదో, నోరు విప్పితే అంత దుడుకు. కేఫ్‌లో వాడు కూర్చుంటే పక్క బల్లవాళ్ళు నవ్వుకోడానికి గ్లాసులు పట్టుకుని దగ్గరికి జరిగేవాళ్ళు. ఒదీల్ వాణ్ణి చేసుకున్నదీ ఆ నోరు చూసే. ఆ మొహంలో చూడ్డానికి వేరే ఏముంది గనక! సొంత అక్కను, నేనంటే తప్పులేదు.

పెళ్ళయిన కొన్నాళ్ళకే ఒదీల్‌కి క్షయ తగులుకుంది. నవ్వు నాలుగు విధాల చేటంటారు. ఆ పిల్లకి ఒక్క విధంగానే చేటు, అదే చాలు. నవ్వితే దగ్గు తెర వచ్చేది, తెర చివర రుమాల్లో నెత్తురు కనిపించేది. కొండమీద శానటోరియంలో చాలాకాలం ఉంచుకుని, నయమైందని ఇంటికి పంపారు. వచ్చిన ఆదివారమే, భోజనాల దగ్గర, తమ్ముడేదో అన్నాడు. ఆమె పగలబడి నవ్వింది. నవ్వు దగ్గయింది, దగ్గు నెత్తురయింది. మళ్ళీ కొండకే తీసుకుపోయారు.

“హాస్యమాడితే క్షయ తిరగబెట్టదయ్యా” అని డాక్టరు ఎంత చెప్పినా వాడి చెవికెక్కలేదు. ఆనాటి నుంచి పెళ్ళాం ముందు నోరు కట్టేసుకున్నాడు. చూడ్డానికి వెళ్ళిన ప్రతిసారీ ఎండ గురించీ వాన గురించీ మాట్లాడి వచ్చేవాడు.

అంత దూరం బస్సులు మారి వెళ్ళలేక ఎవరో వాడిన డోఫీన్ కారు కొన్నాడు. యుద్ధమయ్యాక మాలాంటి వాళ్ళకి అందిన మొదటి కారు, వెన్నముద్ద అని అందరూ ముద్దుగా పిలిచిన బుల్లి కారు ఒకటుండేది. ఆ తర్వాత దానికి చెల్లెలిగా పుట్టిందే డోఫీన్. నాజూకైన ఒళ్ళు, నాలుగు తలుపులు, ఇంటిల్లిపాదీ పడతారు. దేశమంతా దాని వెంట పడింది. చిక్కల్లా ఒక్కటే, ఇంజను వెనకా డిక్కీ ముందూ. మా సెర్స్ గాలి విసిరిందంటే తేలికపాటి ముక్కు పక్కకు తిప్పుకునేది. అందుకని మా ఊళ్ళో అందరూ ముందు డిక్కీలో ఏదో ఒక బరువు పెట్టేవాళ్ళు. కిరాణా కొట్టాయన బంగాళాదుంపల బస్తా, పంతులుగారు పాత పుస్తకాలు. మావాడు సిమెంటు బస్తా పెట్టాడు.

“ఇసక పోసుకోవచ్చు కదరా?” అన్నాను.

“దార్లో ఎవడి గోడైనా కూలితే ఇసకతో కడతానా అక్కా?”

ఏప్రిల్లో కబురొచ్చింది, వచ్చి తీసుకెళ్ళమని. నేనూ బయల్దేరాను. డాక్టరు ఎక్స్‌రే దీపం ముందు పెట్టి చూపించి, ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయన్నాడు. బయటికొచ్చాక తమ్ముడు నా చెవిలో గొణిగాడు.

“పోయినసారీ ఇదే మాట. నేను నమ్మను. దార్లో నువ్వు కూడా ఏమీ అనకు. నవ్వించకు.”

“నేనెప్పుడు నవ్వించాన్రా? నన్ను చూసి ఎవడైనా నవ్వాడా?”

“అదిగో, అదే వద్దంటున్నా.”

ముందు బస్తా ఉంది గనక ఒదీల్ పెట్టె నా ఒళ్ళోకి, వాడి పనిముట్ల సంచి నా కాళ్ళ కిందకి వచ్చాయి. ఆమెని దుప్పట్లో చుట్టి తన పక్కన కూర్చోబెట్టుకున్నాడు. కొండ దిగేదాకా మబ్బుల గురించే మాట్లాడాడు.

“మబ్బులు అయిపోయాయా మేస్త్రీ, ఇంకా ఉన్నాయా?” అంది ఒదీల్.



మైదానంలోకి దిగామో లేదో గాలి అందుకుంది. ద్రాక్షతోటల మధ్య, ఇల్లూ వాకిలీ లేని చోట, టైరు పంక్చరైంది. డోఫీన్‌కి స్టెప్నీ డిక్కీ అడుగున అరలో ఉంటుంది, బంపరు కింద మూత తీసి లాగాలి. లాగాడు. రాలేదు. బంపరుకి కాలు తన్నిపెట్టి లాగాడు. ఊహూఁ. పైన డిక్కీ తెరిచి చూసి, అలాగే నిలబడిపోయాడు.

బస్తా రాయైపోయింది. డిక్కీ అంచున చిరిగిన రబ్బరు మార్చకుండా వీడు చలికాలమంతా కారుని వానలో వదిలేశాడు. సిమెంటు కడుపునిండా నీళ్ళు తాగి, మిగిలింది అడుగు చిల్లులోంచి స్టెప్నీ మీదకి కార్చి, దానితో సహా గడ్డకట్టింది. ఎవడి సిమెంటుకి తడి తగిలినా ఊరంతా వినేలా తిట్టే మేస్త్రి వీడు!

ఒదీల్ దుప్పటితో సహా దిగింది. “గాలి కొడుతోందమ్మా, లోపల కూర్చో” అని నేను మొత్తుకుంటున్నా వినకుండా వచ్చి, ఆ రాయిని వేలితో తట్టి చూసింది.

“నువ్వు పోసినవాటిలో ఇదొక్కటే పగుల్లివ్వలేదు” అంది.

“లోపలికి పో ఒదీల్” అన్నాడు వాడు, మొహం ముడుచుకుని. నా కాళ్ళ కింద సంచిలోంచి సుత్తీ ఉలీ తీసి, రోడ్డుమీద బోర్లా పడుకుని, స్వంత కారుని చెక్కడం మొదలెట్టాడు.

అటుగా గాడిదబండి మీద పోతున్న ముసలాయన ఆపాడు. కాసేపు చూశాడు.

“ఏం చేస్తున్నావయ్యా?”

ఇన్నాళ్ళూ కట్టేసుకున్న నోరు, ముసలాయన్ని చూడగానే మరిచిపోయి జారింది.

“మేడ కడుతున్నా తాతా. పునాది పడింది. పై అంతస్తు మా అక్కకి.”

ఒదీల్ నవ్వింది. చిన్న నవ్వు కాదు. కారు పట్టుకుని, వంగి, పొట్ట పట్టుకుని నవ్వింది. తమ్ముడి చేతిలోంచి ఉలి జారింది. వాడి మొహం సున్నం కొట్టినట్టయింది. నేను రుమాలు తీసుకుని పరిగెత్తాను. ఇద్దరం ఆమెకి చెరోపక్కన నిలబడి దగ్గు కోసం చూస్తున్నాం. ఆమె నవ్వు ఆపి, ఊపిరి పీల్చుకుని, నన్ను చూసి మళ్ళీ మొదలెట్టింది. దగ్గు రాలేదు. కళ్ళు తుడుచుకుంది, గాలికి ఎదురు నిలబడి గుండె నిండా ఊపిరి తీసుకుంది. అప్పుడూ రాలేదు.

నా చేతిలో రుమాలు తమ్ముడు లాక్కున్నాడు. రోడ్డు పక్కన కూలబడి, అందులో మొహం పెట్టుకుని భోరుమన్నాడు.

“ఏడుస్తావేం మేస్త్రీ?” అంది ఒదీల్. “ఇంకోటి చెప్పు.”

ముసలాయన సాయం పడితే చక్రం ఊడొచ్చింది. ఇల్లు చేరేదాకా మావాడు నోరు మూయలేదు.

డోఫీన్ ఆ తర్వాత తుప్పు పట్టిపోయింది. ఊళ్ళో అందరూ ముందు ఇంజనున్న కార్లకి మారారు. ఆ బస్తా రాయి మాత్రం వాళ్ళ గుమ్మం పక్కనే ఉంది. సాయంత్రాలు ఒదీల్ దానిమీద కూర్చుని చిక్కుళ్ళు ఒలుస్తుంది. లోపల్నుంచి మావాడు ఏదో అంటాడు, ఆమె నవ్వు మా ఇంటిదాకా వినిపిస్తుంది. ఇప్పటికీ నేను చేతిలో పని ఆపి, దగ్గు కోసం చెవి పెడతాను. రాదు. మళ్ళీ పనిలో పడతాను.