పేరు చివరి గారు

మా ఆసుపత్రిలో కంప్యూటర్లు చూసే ఆయన పోయిన మంగళవారం కన్నుమూశారు. పొద్దున్నే నర్సమ్మ ఫోన్ చేసి, "టీచరుగారూ, మన కంప్యూటరాయన ఇక లేరండీ," అంది. నలభై రెండేళ్ళు. కామెర్లు ముదిరిపోయాయి.

బడినుంచి రిటైరయ్యాక భవానీపురంలోని ఆ చిన్న ధర్మాసుపత్రిలో రోగుల పేర్లు నేనే ఎక్కిస్తున్నాను. రక్తపరీక్షల వివరాలు ఇంటర్నెట్ మీద ఊళ్ళోని పెద్ద ల్యాబుకు వెళ్ళేలా, రిపోర్టులు తిరిగి మా కంప్యూటరుకే వచ్చేలా ఏర్పాటు చేసింది ఆయన. "వెళ్ళేదానికో సెట్టింగు, వచ్చేదానికో సెట్టింగు అండీ. ఏది తేడా చేసినా మన కబురు గాల్లోనే," అనేవారు. ఏదైనా మార్చే ముందు పాతది కాగితం మీద రాసి, మడిచి చొక్కా జేబులో పెట్టుకునేవారు. ఆ అలవాటు నాకు నచ్చేది. నచ్చిందని ఎన్నడూ చెప్పలేదు.

ల్యాబు ఏర్పాటు మొదలైన వారంలోనే నాగాయలంకనుంచి చేపలమ్ముకునే పెద్దావిడ జ్వరంతో చేరింది. రెండు రోజులైనా రిపోర్టు రాలేదు. కూతురు నా బల్ల దగ్గర నిలబడి, "అమ్మ పలకట్లేదండీ," అని ఏడుస్తోంది. అందరిముందూ ఆయన్ని నిలదీశాను.

"ఏమయ్యా, నీ పెట్టె మింగేసిందా? ముప్పయ్యేళ్ళు హాజరుపట్టీ రాశాను, ఒక్క పేరు పోగొట్టలేదు!"

"చూస్తానండీ," అన్నారు.

గంటలో దొరికింది. రిపోర్టు ముందురోజే వచ్చింది. నేను అలవాటుకొద్దీ ఆవిడ పేరు చివర 'గారు' చేర్చి టైపు చేశాను. నర్సమ్మ రక్తం సీసా మీద ఉత్త పేరే రాసింది. ల్యాబు ఆ పేరుతోనే రిపోర్టు పంపింది. అలాంటి మనిషి ఇక్కడ లేదని కంప్యూటరు దాన్ని పక్కన పడేసింది.

ఈ సంగతి నా ఒక్కదానికే వినపడేలా చెప్పారు.

"అయితే తప్పెవరిదయ్యా?"

"మర్యాదదండీ," అని నవ్వారు.

రిపోర్టు చూసి మందు మార్చారు, ఆవిడ చచ్చి బతికింది. ఆలస్యానికి డాక్టరుగారు కేకలేస్తుంటే ఆయన తలవంచుకుని విన్నారు. నేను కాగితాల్లోంచి తలెత్తలేదు. తప్పు నాదని ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

మర్నాడు రెండు సెట్టింగులూ మార్చారు. "వెళ్ళేటప్పుడు గారు ఊడిపోతుంది, వచ్చేటప్పుడు పేరు కలిశాక అందరికీ తగులుకుంటుంది. మీరు మానుకోనక్కర్లేదండీ."

"ఉయ్యాల్లో పిల్లలక్కూడానా?" అంది నర్సమ్మ.

"ఉండనివ్వండి. ఎప్పటికైనా పెద్దవాళ్ళవుతారుగా."

పోయిన నెల ఆయన రక్తమూ ఆ దారినే వెళ్ళింది. నాకంటే చిన్నవాడని ఉత్త పేరే టైపు చేశాను. సాయంత్రం ప్రింటరు కాగితాన్ని బయటికి తోసింది. పైన ఆయన పేరు, చివర గారు. నా నోటినుంచి ఒక్కసారీ రాని మాట. ఆయన అంకెలకంటే ముందు దాన్నే చూశారు. నావైపు చూసి నవ్వి, కాగితం నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నారు.