పొట్ట బిగించుకోవడానికి తుమకూరు వెళ్లిన రోజు

పావగడ నుంచి మా అత్తగారి ఊరు వల్లూరుకు వచ్చే బస్సులో ఒక ముసలామె లేచి నాకు సీటు ఇచ్చింది. "కూచోమ్మా, రెండు పానాలతో ఎంతసేపు నిలబడుకుంటావు" అంది. కడుపుతో లేనని చెప్పకుండానే కూర్చున్నాను. ఎన్నో నెల అని పక్కనున్నామె అడిగితే ఐదు అని చెప్పాను. దిగేదాకా కిటికీలోంచి సోలార్ ప్యానెళ్ల వైపే చూస్తూ ఉండిపోయాను, ఇంకో ప్రశ్న రాకుండా.

లోపల ఎవరూ లేరు. మా పాపకు అప్పటికి మూడేళ్లు దాటాయి. రెండో బిడ్డ కోసం రెండేళ్లుగా ఎదురుచూస్తున్నాం. ప్రతి నెలా లేదని తేలుతోంది. లేని బిడ్డ ఉన్నట్టు కనిపించే పొట్ట మాత్రం నాకు మిగిలింది. కాన్పు తర్వాత బొడ్డు చుట్టూ చర్మం ఖాళీ అయిన సంచిలా వేలాడింది. బాలింతగా ఉన్నప్పుడు అమ్మ రోజూ నడుముకు పాత చీర బిగించి కట్టేది. ఎండాకాలం ఉక్క భరించలేక నేను దాన్ని విప్పేసేదాన్ని. అందుకే ఇలా అయిందని, తప్పు నాదేనని నమ్మాను.

ఆ బస్సు ప్రయాణం తర్వాత ఫోన్లో వెతకడం మొదలుపెట్టాను. కోత లేకుండా, కుట్లు లేకుండా చర్మాన్ని బిగించే పద్ధతులు ఇన్ని ఉన్నాయని నాకు తెలియదు. లేజర్ అన్నారు, రేడియో తరంగాలన్నారు, అల్ట్రాసౌండ్ అన్నారు, సన్నటి సూదులతో వేడి పంపడం అన్నారు. ప్రతి వీడియోలోనూ అదే అన్నిటికన్నా మంచిది. బీకాం చదివినదాన్ని కాబట్టి నోటుపుస్తకంలో గళ్లు గీసి నాలుగూ పక్కపక్కన రాసుకున్నాను. ఎన్నిసార్లు వెళ్లాలి, నొప్పి ఎంత, మచ్చ పడుతుందా, పిల్లను ఎత్తుకోవచ్చా. లేజర్ గడి కింద రెండు గీతలు పెట్టాను. ఆ పేరు వింటేనే ఏదో ఖాయంగా జరుగుతుందనిపించేది.

మా ఆయన సోలార్ పార్కులో టెక్నీషియన్. నా నోటుపుస్తకం చూసి నవ్వాడు. "పార్కులో చేసే కరెంటు బెంగుళూరుకు పోయేది సాలదని, నీ పొట్టకు గూడా పెట్టించుకుంటాండావా" అన్నాడు. వద్దని మాత్రం అనలేదు. పాపను అరసికెరెలో మా అమ్మ దగ్గర వదిలి, ఒక్కదాన్నే తుమకూరు బస్సెక్కాను. ఆస్పత్రి అంటే తాయి కార్డు సంచిలో వేసుకోవడం మా వైపు ఆడవాళ్లందరికీ అలవాటు. గర్భం మొదలైనప్పటి నుంచి పిల్ల టీకాల దాకా అన్నీ రాసే కార్డు అది. చర్మం డాక్టరుకు దానితో పనేమిటని ఆలోచించకుండా నేనూ వేసుకున్నాను.

క్లినిక్‌లో ముందు ఒక ఫారం ఇచ్చారు. గుండెకు పేస్‌మేకర్ ఉందా, ఎముకల్లో రాడ్లు ఉన్నాయా, కాపర్-టి ఉందా, గర్భవతా. చకచకా అన్నిటికీ లేదని టిక్కు పెట్టాను.

డాక్టరు దాదాపు నా వయసు మనిషి. కన్నడంలో నెమ్మదిగా మాట్లాడింది. ఏది మంచిది మేడం అని నేను నోటుపుస్తకం తెరిస్తే, ముందు దాన్ని మూయమంది. లేజర్ ఎక్కువగా మచ్చలకు, రంగుకు, పైపొర గరుకుకు పనికొస్తుందట. ఎండకు నల్లబడిన చర్మం మీద తొందరపడి వాడితే బొబ్బలెక్కి ఉన్న రంగు కూడా పాడవుతుందట. రేడియో తరంగాలు చర్మం కింద వేడి పుట్టిస్తాయి, చర్మం నెలల మీద కొద్దికొద్దిగా దగ్గరపడుతుంది, ఒక్కసారితో కాదు. అల్ట్రాసౌండ్ ఇంకా లోతుకు వెళ్తుంది కానీ దవడకూ మెడకూ పనిచేసినంతగా ఇలాంటి పొట్టకు చేయదు. సూదుల పద్ధతికి కొన్నాళ్లు ఎర్రటి చుక్కలు ఉంటాయి. వీటిలో ఏది చేసినా పాత పొట్ట తిరిగి వస్తుందని మాట ఇవ్వలేను అంది. నేను రెండు గీతలు పెట్టుకున్నదే నాకు అన్నిటికన్నా పనికిరానిదని అర్థమైంది.

తర్వాత మంచం మీద పడుకోబెట్టి తల మాత్రం పైకెత్తమంది. బొడ్డు మీద వేళ్లు పెట్టి నొక్కితే మూడు వేళ్లు లోపలికి దిగాయి. చర్మం వదులు కావడం సగమే కారణం, లోపల కండరాలు మధ్యలో విడిపోయాయి, వాటిని ఏ మిషనూ కలపలేదు అని చెప్పింది. వ్యాయామం నేర్పిస్తారట. హెర్నియా ఉందేమో చూడటానికి ముందు స్కాన్ కావాలంది. ఇంకో బిడ్డ కావాలనుకుంటే ఇప్పుడీ పని ఎందుకని కూడా అడిగింది. రెండేళ్లుగా చూస్తున్నామని చెప్పాను. ఎక్కడైనా చూపించుకున్నావా అంది. శనివారం ప్రదక్షిణలు, ఒక నాటు వైద్యుడిచ్చిన చేదు పొడి, అంతకు మించి చెప్పుకోవడానికి నా దగ్గర ఏమీ లేదు. ఆమె తల వంచి, పొత్తికడుపు కూడా చూడమని చీటీ మీద ఇంకో లైను రాసింది.

స్కాన్ గది కింది అంతస్తులో ఉంది. అక్కడి డాక్టరు తెర మీద నుంచి కళ్లు తిప్పకుండా హెర్నియా లేదన్నాడు. ఇంకాస్త కిందికి జరిపి, కాపర్-టి సరిగ్గా దాని చోటులోనే ఉందన్నాడు.

ఎవరికి అని అడిగాను. నిజంగా అలాగే అడిగాను.

ఆయన తెరను నా వైపు తిప్పాడు. బూడిద రంగు మధ్యలో ఒక తెల్లటి గీత. నాకు వేయలేదు సార్ అన్నాను. అది దానంతటది లోపలికి పోదు కదమ్మా అని ఆయన నెమ్మదిగా అన్నాడు. పక్కనున్న నర్సు కాగితం అందిస్తే పొట్ట తుడుచుకున్నాను. ఎంత తుడిచినా జిగురు పోయినట్టు అనిపించలేదు. పైకి వెళ్లి డాక్టరుకు రిపోర్టు చూపించాలన్న సంగతే మరిచిపోయి మెట్ల మీద కూర్చున్నాను. రెండేళ్లపాటు క్యాలెండర్లో రోజులకు చుక్కలు పెట్టుకున్నాను. రెండు రోజులు ఆలస్యమైతే చాలు రాబోయే బిడ్డకు పేర్లు వెతికేదాన్ని. నెలసరిలో రక్తం మునుపటికన్నా ఎక్కువ పోతుంటే కాన్పు తర్వాత అందరికీ అంతేనేమో అనుకున్నాను. అన్ని రోజులూ అది లోపలే ఉంది.

తిరుగు బస్సులో తాయి కార్డు తీశాను. టీకాల పేజీ చేతులు పడి నలిగి మెత్తబడింది. దాని ముందున్న కాన్పు పేజీ కొత్తదానిలా ఉంది, మూడేళ్లలో నేను ఒక్కసారీ తెరవలేదు. పాప బరువు రాసిన గడి కింద ఆరు ఇంగ్లీషు అక్షరాలు, పక్కన టిక్కు. ఫోన్లో ఆ అక్షరాలు కొడితే కాన్పు అయిన వెంటనే వేసే కాపర్-టి అని వచ్చింది. రెండు భాషలు చదవడం వచ్చినదాన్ని, ప్రతి టీకాకూ ఆ కార్డును చేతిలో పట్టుకుని వరసలో నిలబడ్డదాన్ని.

మా వైపు మొదటి కాన్పు పుట్టింట్లోనే. ఆస్పత్రిలో నా దగ్గర ఉన్నది అమ్మ ఒక్కతే. మా ఆయన మర్నాడు వచ్చాడు. పాపను మర్నాడు తెచ్చుకుందామనుకున్నదాన్ని, అందుకే వల్లూరు వెళ్లకుండా నేరుగా అరసికెరెలో దిగాను.

అమ్మ వసారాలో విత్తనానికి వేరుశనగ కాయలు వలుస్తోంది. పాప పొట్టు ఎగరేస్తూ ఆడుతోంది. కార్డు తెరిచి అమ్మ ముందు పెట్టి, ఆ టిక్కు మీద వేలుంచాను. అమ్మకు చదువు రాదు, పేరు రాయడం వరకే వచ్చు. అయినా ఆ పేజీ వైపు చూడగానే చేతులు ఆగిపోయాయి.

"నీకు తెల్సా" అన్నాను.

"సంతకం నేనే పెట్టినా" అంది అమ్మ.

తర్వాత కాయలు వలుస్తూనే చెప్పింది. ఆ పొద్దు నాకు రెండు బాటిళ్ల రక్తం ఎక్కించారట. నాకు సోయి లేదట. రక్తం ఇంత తక్కువున్న పిల్లకు వెంటనే ఇంకో కాన్పు వస్తే కష్టమని నర్సు అందట. మూడేళ్లు పోయాక తీయించుకోవచ్చు, ఇక్కడ సంతకం పెట్టు అంటే పెట్టిందట. నేను బాగా కోలుకున్నాక చెబుదామనుకుందట. పాప మొదటి పుట్టినరోజు నాడు మా అత్త అందరి ముందూ రెండోది ఎప్పుడని అడిగింది. అది నాకూ గుర్తుంది.

"అంతమందిలో మా పిల్ల కడుపు నేనే కట్టేసినానని ఎట్ల చెప్పేది? నీ కాపురం ఏమైపోతాదో అనుకుంటి. ఆ పైన ఇంగ రోజులు పొయ్యేకొద్దీ నోరు రాలేదు."

"శనివారాలు నా ఎంబడి గుడికి వస్తివి కదమ్మా. నేను ప్రదక్షిణలు చేస్తాంటే పాపను ఎత్తుకోని నిలబడుకుంటివి."

అమ్మ అప్పుడు తలెత్తింది. "నీకు కడుపు రావాలని నేనెప్పుడూ మొక్కుకోలేదు పాపా. నిన్ను మళ్లా ఆ మంచం మీద సూడకూడదని మొక్కుకుంటి."

అమ్మను కొట్టాలనిపించింది, అమ్మ ఒడిలో పడుకోవాలనీ అనిపించింది. రెండూ చేయలేదు. అన్నం తినకుండా పాపను ఎత్తుకుని వచ్చేశాను.

నాలుగు రోజులు ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. అన్నం వండాను, పాపకు జడ వేశాను, అత్త అడిగితే ఒంట్లో బాగాలేదన్నాను. ఐదో రోజు పొద్దున మా ఆయన డ్యూటీకి బూట్లు వేసుకుంటుంటే అమ్మ సంతకంతో సహా అంతా చెప్పేశాను. ఒక బూటు చేతిలో పట్టుకుని అలాగే వింటూ కూర్చున్నాడు. అరుస్తాడనుకున్నాను. నొప్పి ఉందా అని అడిగాడు. లేదన్నాను. బూటు కింద పెట్టి, "ఎప్పుడు తీపిద్దాం" అన్నాడు.

రెండేళ్లు బిడ్డ కోసం ఏడ్చినదాన్ని, రేపే అనాలి కదా. అనలేదు. బిడ్డ కావాలా, ఎప్పుడు కావాలి అని నన్ను నేను కూడా ఎన్నడూ అడగలేదని ఆ క్షణంలో తెలిసింది. దాని కన్నా పెద్ద దెబ్బ తుమకూరులోనూ తగల్లేదు.

"ముందు రక్తం ఎంతుండాదో చూపించుకుంటా. ఆ పైన ఎప్పుడనేది నేను చెప్తా" అన్నాను.

సరేనన్నాడు. రెండో బూటు వేసుకుని, లేస్తూ గొంతు తగ్గించాడు.

"మా అమ్మకు ఏమని చెప్పేది? సంతకం ఎవురు పెట్టినారని అడుగుతాది."

"నేనే పెట్టినానని చెప్పు" అన్నాను.