ముందు నల్ల తీగ, మామ్మగారూ!

మా చిన్నప్పుడు పెళ్ళికారు వచ్చిందంటే ముందు హారనే చెప్పేది... మా అక్క పెళ్ళిరోజున మాత్రం అది చెప్పడం మొదలుపెట్టి ఇక ఆపలేదు!

ముక్తేశ్వరంలో మా చర్చి ముందు తెల్ల అంబాసిడర్. బానెట్ నిండా బంతిపూలు. కొత్త జంట కోటిపల్లి రేవు దాటి, ద్రాక్షారామం అవతల బావ వాళ్ళ ఊరు చేరాలి. కార్లను గోదావరి దాటించేది పంటు... రెండు పడవల మీద బల్లలు పరిచి కట్టేవారు. పొద్దువాలితే అది కదలదు. ఆఖరి పంటు తప్పిందో, అక్కడ పెళ్ళివిందుకి పెళ్ళికూతురే ఉండదు.

జంట సరిగ్గా కారెక్కబోతుంటే పిల్లమూకలో ఎవడో హారన్ నొక్కాడు. వాడు చెయ్యి తీశాడు... మోత ఆగలేదు.

డ్రైవరు స్టీరింగును గుద్దాడు, నిమిరాడు, చివరికి దణ్ణం కూడా పెట్టాడు.

"నొక్కితే మోగడం వరకే నాకు తెలుసండి. నొక్కకుండా మోగితే మెకానిక్కే చూడాలండి, ఆయ్!"

అమలాపురం నుంచి మెకానిక్కు వచ్చేలోపు బ్యాటరీని హారనే తాగేస్తుంది. ఇక కారు కదలదు.

మా బావ మస్కట్‌లో మెకానిక్కే! కోటు విప్పి అక్క చేతిలో పెట్టి, స్పానరు అందుకుని, వేలి ఉంగరం తీయబోయాడు.

అమ్మ గుండె బాదుకుంది. "అయ్యో బాబూ! పాస్టరుగారు తొడిగించి గంటన్నా కాలేదు, తీసేస్తారా?"

"బ్యాటరీ తీగ ఊడదీసేటప్పుడు చేతికి లోహం ఉండకూడదండి అత్తయ్యగారూ."

"రుమాలు చుట్టుకోండి" అని పెదనాన్న సలహా.

"అలా చుట్టుకున్నోడి వేలు మస్కట్‌లో చూశానండి. స్పానరు తగలరానిచోట తగిలితే ఉంగరం కాలిపోద్దండి... వేలితో సహా."

అక్క తల దించుకునే అంది. "ఉంగరం తీస్తే నేను కారెక్కనండి."

అప్పటికి నేను అచ్చు మాసిన కరపత్రాలన్నీ కంఠతా పట్టిన మనిషిని. మీసాలైతే ఇంకా రాలేదు గానీ, సమాజాన్ని మార్చే బాధ్యత మాత్రం వచ్చేసింది. హారన్‌ని మించి అరిచాను. "ఇది మూఢనమ్మకం! పెళ్ళి ఉన్నది వేలికా, మనసుకా?"

పెదనాన్న నా చేతులకేసి చూశాడు. "నీ చేతికి ఏం లేదు కదరా. నువ్వు ఊడదియ్యి."

"తియ్యను! నేను తీస్తే మూఢనమ్మకానికి లొంగినట్టే. బావే ఉంగరం తీసి ఈ పని చెయ్యాలి!"

ఆ వాదనలో తప్పు నాకు ఇప్పటికీ కనబడదు.

"ఈడి సిద్ధాంతం తెమిలేసరికి పంటు సముద్రంలో కలుస్తాది" అని పెదనాన్న విసుక్కున్నాడు. ఆయనవి రాళ్ళ ఉంగరాలు, వేళ్ళకి బిగిసిపోయాయి. డ్రైవరుది మొక్కుబడి రాగి కడియం. వాచీ తీస్తామని ముందుకొచ్చినవాళ్ళు వేలి కథ విన్నాక వెనక్కి తగ్గారు.

అప్పుడు జనాన్ని తోసుకుంటూ వచ్చింది మా మామ్మ... బాప్తిస్మం తీసుకున్న నాడే ఒంటి మీద పిసరు బంగారం లేకుండా తీసేసి, ఆనాటి నుంచీ మా ఇంట్లో అందరికీ అదే బోధించి, అందరి చేతా చీవాట్లు తిన్న మనిషి.

"నగలొద్దు, నగలొద్దు అంటే నవ్వేరు కదా! ఇయ్యాల ఇంతమందిలో పనికొచ్చే చేతులు నాయే. ఇలా తెండి బాబుగారూ ఆ స్పానరు!"

బావ పక్కన నిలబడి చెప్పాడు. "ముందు నల్ల తీగ, మామ్మగారూ... మైనస్ గుర్తుందే, అది. ఎర్రదాని జోలికి వెళ్ళకండి. ఎర్రదానికీ కారు రేకుకీ స్పానరు ఒకేసారి తగిలిందంటే నిప్పులు రాలతాయండి."

"బోరింగు విప్పిన చేతులండీ ఇవి. ఎటు తిప్పాలో చెప్పండి చాలు."

తిప్పింది. నల్ల తీగ ఊడింది.

మోత టక్కున ఆగింది... నేను ఆగలేదు. ఆ నిశ్శబ్దంలో, చర్చి గుమ్మం ముందు, నా గొంతొక్కటే ఖంగుమంది. "మూఢనమ్మకాలు నశించాలి!"

"ఆమెన్" అన్నారు పాస్టరుగారు.

కరెంటు ఆగింది గనక బావ ఉంగరంతోనే హారన్ తీగ పీకేశాడు. మామ్మ నల్ల తీగను మళ్ళీ బిగించి, మసి చేతులను పెదనాన్న సిల్కు కండువాకి తుడుచుకుంది. కారు స్టార్టయింది. ఇక దానికి హారన్ లేదు కాబట్టి ముందు సీటులోంచి తల బయటపెట్టి రేవుదాకా నేనే "తప్పుకోండీ!" అని అరుస్తూ వెళ్ళాను. పంటువాళ్ళు తాడు విప్పబోతూ ఆగారు. నేను రేవులో దిగిపోయాను, కారు బల్లలెక్కింది. అక్క ఏడుపు, నవ్వు కలిసిపోయిన మొహంతో చెయ్యి ఊపుతుంటే నా గొంతు పూర్తిగా పోయింది... అరిచినందుకేనని అందరికీ చెప్పాను.

మొన్న నా కారులో ఏదో ఎర్రదీపం వెలిగి ఆరలేదు. మెకానిక్కు ఫోన్‌లోనే చెప్పాడు... ఇంజను ఆపి తాళంచెవి తీసేసి, నల్ల తీగ కాసేపు ఊడదీసి పెట్టండి, కారులో కంప్యూటరు పాతదంతా మరిచిపోద్దండి, అని. రోడ్డు పక్కన ఒక్కణ్ణే నిలబడి తీశాను, పెట్టాను. దీపం ఆరింది.

ఎన్ని కార్లు పోయాయో పక్కనుంచి! ఒక్కడూ దిగి "అలాక్కాదండీ" అనలేదు. ఎంత కోపం వచ్చిందో నాకు... తప్పు సలహా ఇచ్చేవాడైనా లేకుండా పోయాడే!

మీ ఊళ్ళో బండి ఆగిపోతే అందరికన్నా ముందు సలహా పట్టుకుని పరిగెత్తుకొచ్చేది ఎవరండీ? మీకు ఏమవుతారో కింద రాయండి... ఆ అరుపులు ఇక్కడైనా కాసేపు వినబడనివ్వండి.