తాళం వేసిన కాన్పు గది

సిమెంటు కంపెనీ కాలనీ దవాఖానలో దిల్షాద్ రోజూ పొద్దున్నే వరండా తుడుస్తుంది. కొంగు నడుముకు బిగించి, మోకాలి నొప్పికి పళ్లు కరుచుకుంటూ, తాళం వేసిన కాన్పు గది గడప దాకా వచ్చి కాసేపు ఆగుతుంది. ఒకప్పుడు ఆ గదికి ఆమే ఆయా. కార్మికుల పిల్లల్ని ఎంతమందినో ముందుగా ఎత్తుకున్నది ఆమే. ఖర్చంతా కంపెనీ పెట్టుకునేది. కంపెనీ చేతులు మారాక గది మూతపడింది. కాంట్రాక్టు కూలీలను దవాఖాన గేటు కూడా దాటనివ్వడం లేదు.

నిన్న మధ్యాహ్నం లోడింగ్ కూలీ నాగేందర్ తన భార్య శైలజను నొప్పులతో ఆటోలో తెచ్చాడు. కాపలాదారు మల్లేశ్ గేటుకు అడ్డం నిలబడ్డాడు. కేకలు విని కుంటుకుంటూ గేటు దగ్గరికి వచ్చిన దిల్షాద్‌తో అన్నాడు:

"పర్మినెంటోళ్లకే ఖాలా. పంపిస్తే నా నౌకరి పోతది."

"గేటు తియ్యి బేటా. వరండలనన్న పండబెడ్త, నేను చూసుకుంట."

మల్లేశ్ తల వంచుకున్నాడు గాని కదల్లేదు. దిల్షాద్ ఆటో ఎక్కి శైలజ తలను ఒళ్లో పెట్టుకుంది. మిర్యాలగూడ పెద్ద దవాఖాన చేరకముందే, దారిలోనే కాన్పయింది.

ఇవాళ పొద్దున మల్లేశ్ మెల్లగా దగ్గరికొచ్చాడు.

"ఏమైంది ఖాలా?"

"ఆడపిల్ల," అంది దిల్షాద్, అతని ముఖం చూడకుండా. "ఎంత తట్టినా ఏడ్వలే."