దారం దాకా కాలిన బీడీ

మా తాత మీరా మొహిద్దీన్ గుర్రాల వేగాన్ని బీడీతో కొలిచేవాడు. గుర్రం బయలుదేరగానే బీడీ ముట్టించేవాడు. అది గీత దాటేసరికి నిప్పు బీడీకి చుట్టిన దారాన్ని అంటుకోకపోతే మంచి గుర్రం. అంటుకుంటే మొద్దు.

"అన్ని బీడీలూ ఒకేలా కాలతాయా తాతా?" అని అడిగితే, "నేను పీల్చేవన్నీ ఒకేలా కాలతాయే" అనేవాడు. నేను ఏడో తరగతితో బడికి దండం పెట్టినదాన్ని. ఆయన బడి మెట్టే ఎక్కనివాడు. మా ఇద్దరిలో ఎవరి లెక్క తప్పో తేల్చేవాళ్లు ఇంట్లో లేరు.

దూరం ఎక్కడైనా ఒకటే. తన దగ్గరున్న పాత తాడుతో కొలిచేవాడు. నేలను బట్టి మాత్రం గడువు మారేది. మా తెనాలి కాలవ గట్టు గట్టి మట్టి, అక్కడ దారం దాకా సమయం. రేపల్లెలో మిల్లు యజమాని పూర్ణచంద్రరావు గారు ఏటా పందెం పెట్టించే రోడ్డంతా కంకర. అక్కడ గిట్టలు జారతాయి కాబట్టి దారం కాస్త కాలినా క్షమించేవాడు. పిట్టలవానిపాలెం కోత చేలలో నెర్రెలుంటాయి, అక్కడ గుర్రాన్ని పరిగెత్తించేవాడే మొద్దు. బాపట్ల దగ్గర సూర్యలంకలో అల తడిపిన ఇసుక సిమెంటు గచ్చులా ఉంటుంది. అక్కడ నిప్పు దారానికి గోరంత దూరంలో ఉండగానే గుర్రం వచ్చెయ్యాలి.

జట్కా తోలినన్నాళ్లూ ఆయన మాటకు ఎదురు లేదు. చుట్టుపక్కల ఊళ్లవాళ్లంతా గుర్రం కొనేముందు తాతను వెంటబెట్టుకెళ్లేవాళ్లు. తాత మొద్దన్న గుర్రానికి ఇక గిరాకీ ఉండేది కాదు.

రెండువేల అయిదులో మా జట్కా మూలనపడింది. తన్వీర్ మామ ఆటో కొన్నాడు. ఇంటి పక్క పాకలో ఒక్కదానికే చోటు, ఆ చోటులో తాత పెంచిన గుర్రం మోతీ ఉంది. ఆటో వీధిలో ఉండేది. ఒకరోజు పొద్దున లేచి చూస్తే సీటును ఎవరో నిలువునా కోసేశారు.

"అబ్బాజాన్, అన్నం పెట్టేది వీధిలోనూ, అన్నం తినేది పాకలోనూ ఉంటే ఎట్టా?" అన్నాడు మామ.

"దాన్ని పందానికి పెంచానురా."

"పందెం ఏడాదికొకటి. గడ్డి రోజూ."

అమ్మమ్మ అమీనా బీ మాట్లాడలేదు. ఆమె మాట్లాడలేదంటే మామ పక్షమని అర్థం.

ఆ వారంలోనే బాపట్ల నుంచి జాన్సన్ వచ్చాడు. సూర్యలంకలో పిల్లల్ని గుర్రాల మీద తిప్పుతాడు. మోతీని ఇమ్మని అడిగాడు.

"పిల్లల్ని మోయడానికి గాడిదను చూసుకో అబ్బాయ్. ఇది పరుగు గుర్రం" అన్నాడు తాత.

"అయితే మా ఇసక మీద చూపించు బాబాయ్."

"చూపిస్తా. మీ నాన్న దేవదానం గుర్రంలాంటిది అనుకున్నావేంటి?"

జాన్సన్ ముఖం నల్లబడింది. దేవదానం గుర్రాన్ని తాత ఎప్పుడో అదే ఇసుక మీద మొద్దని తేల్చాడు. దేవదానం దాన్ని వచ్చిన ధరకు వదిలించుకుని, మళ్లీ పందేల వైపు రాలేదట.

బేరం కుదిరింది. సూర్యలంకలో మోతీ తాత గడువులోగా వస్తే మోతీ పాకలోనే ఉంటుంది, జాన్సన్ మళ్లీ అడగడు. రాకపోతే అక్కడికక్కడే జాన్సన్ చేతికి కళ్లెం.

తోలేవాడు మామే. ముందురోజే మోతీని తీసుకుని వెళ్లాడు. తాతా నేనూ రైల్లో వెళ్లాం.

మధ్యాహ్నం దాటింది. గుర్రాలు తిప్పేవాళ్లంతా గుంపుగా నిలబడ్డారు. సముద్రపు గాలికి నా చున్నీ మాటిమాటికీ ముఖానికి చుట్టుకుంటోంది. తాత అగ్గిపుల్ల మీద అగ్గిపుల్ల గీసి, చివరికి అరచేతుల మధ్య బీడీ ముట్టించి చెయ్యి ఎత్తాడు. దూరాన మోతీ కదిలింది.

అది పరుగు కాదు, తడి ఇసుక మీద డప్పు. తాత కళ్లు దాన్నొదలలేదు. నేను మాత్రం బీడీనే చూస్తున్నాను. నిప్పు జరుగుతోంది. మోతీ ఇంకా సగం దారిలో, పడవల దగ్గరే ఉంది. మామ దాని మెడ మీదికి వంగిపోయాడు. నిప్పు గోరంత దూరానికి వచ్చింది. "రావే, రావే" అంటున్నాను. మోతీ పడవలు దాటింది. దారం చిటుక్కున తెగింది.

తాత పెదవి కాలింది. అయినా బీడీ ఉమ్మలేదు. మోతీ వచ్చి ఆగేదాకా అలాగే నిలబడి, కళ్లెం అందుకుని జాన్సన్ చేతిలో పెట్టాడు.

తిరుగు రైల్లో తాత మామకు ఎదురుగా కూర్చున్నాడు, కానీ మామను చూడలేదు.

"కళ్లెం లాగావు" అన్నాడు చివరికి.

"లేదబ్బా."

"ఆటోకి పాక కావాలిగా నీకు."

మామ ముఖం ఎర్రబడింది. "కావాలి. దొంగతనంగా కాదు. నా పిల్లల మీద ఒట్టు, అది ఎంత పోగలదో అంతా పోనిచ్చా."

"నా లెక్క తప్పదు."

మామ లేచి తలుపు దగ్గరికి పోయాడు. ఆ తలుపులోంచి దూకేస్తాడేమోనని నాకు భయం వేసింది. తాత కిటికీ పక్కకు జరిగి బీడీ ముట్టించాడు. రైల్లో బీడీ తాగరాదని గోడ మీద రాసుంది. చదువు రాదు కాబట్టి ఆ రాత తనకు వర్తించదని తాత వాదన.

రైలు వేగం అందుకుంది. తాత ఆలోచనలో పడి బీడీని వేళ్ల మధ్య మరిచిపోయాడు. గాలికి దాని కొన ఎర్రగా బుసకొడుతోంది. చూస్తుండగానే దారం అంటుకుంది.

"తాతా, ఈ బీడీ నువ్వు తాగావా, కిటికీ తాగిందా?" అన్నాను.

తిట్టబోయి ఆగాడు. వేళ్ల వంక చూసుకున్నాడు. మళ్లీ ఒకటి ముట్టించి కిటికీలో పట్టుకున్నాడు. ఒక్కసారీ పీల్చలేదు. అదీ అలాగే కాలిపోయింది.

"తన్వీర్!" అని అరిచాడు. "దిగండి. దిగండర్రా!"

తర్వాతి స్టేషను అప్పికట్లలో దిగిపోయి, దొరికిన ఆటోలో వెనక్కి వచ్చాం. మేము చేరేసరికి జాన్సన్ మోతీకి నీళ్లు పెడుతున్నాడు.

"మాట మాటే బాబాయ్" అన్నాడు ముందే.

"మాట తప్పనురా. నీ గుర్రాల్లో గట్టిదాన్ని ఒక్కసారి పరిగెత్తించు. ఈ నేల మీద రోజూ తిరిగేది ఎంతలో వస్తుందో చూద్దాం. ముందే చూడాల్సింది."

జాన్సన్ తన రాజాను దింపాడు. ఆ గుర్రం అక్కడ పుట్టి, అక్కడే పెరిగింది. తాత గాలిలోనే బీడీ ముట్టించాడు. రాజా పడవల దాకా కూడా రాకముందే దారం తెగింది.

గుంపులో ఎవరో నవ్వారు. జాన్సన్ నవ్వలేదు.

"నీ లెక్కలో నా రాజా కూడా మొద్దేనా బాబాయ్?"

"కాదు. గాలి బీడీని తినేస్తోంది. నేను నేలకి లెక్క కట్టాను గానీ గాలికి కట్టలేదు."

"మరి మా నాన్న గుర్రం?"

తాత "ఏమో" అనేసినా అడిగేవాళ్లు లేరు. ఆ గుర్రం ఎప్పుడో పోయింది, దేవదానమూ పోయాడు. తాత మాటను బట్టి గుర్రాలు కొన్నవాళ్లంతా చుట్టూ ఉన్నారు. ఇక్కడ నోరు విప్పితే ఇన్నేళ్ల పేరు ఈ ఇసుకలోనే పోతుంది. విప్పకపోతే మోతీ పోతుంది.

తాత తలపాగా తీసి చేత పట్టుకున్నాడు.

"మీ నాన్న గుర్రం మొద్దు కాదురా. మొద్దుని నేను" అన్నాడు, అందరికీ వినపడేట్టు.

జాన్సన్ మోతీ ముందున్న నీళ్ల బకెట్టు పక్కకు జరిపాడు. "ఆయనుండగా అనుంటే బాగుండేది" అన్నాడు. తర్వాత మోతీని తెచ్చి, కళ్లెం తాతకు కాదు, మామ చేతికిచ్చాడు.

ఆ తర్వాత తాతను గుర్రం చూడటానికి పిలిచేవాళ్లు తగ్గారు. పిలిచిన ఒకరిద్దరితో, "ముందు అక్కడి గుర్రాన్ని పరిగెత్తించండి, తర్వాత నన్ను నమ్మండి" అనేవాడు.

కళ్లెం లాగావన్న మాటకు మామకు క్షమాపణ మాత్రం చెప్పలేదు. మర్నాడు పాత జట్కా గూడు ఊడదీసి, వీధిలో ఆటో మీదికి కప్పులా నిలబెట్టాడు. వంకరగా వచ్చింది. నేను నవ్వితే సుత్తి విసరబోయాడు. మామ ఏమీ అనకుండా వచ్చి రెండో పక్క పట్టుకున్నాడు.