పత్తి కట్టె ఎవరిది

ఆదోని కొండ గాలిని మొట్టమొదట కొలిచింది నేనేనని చాలా ఏళ్లు చెప్పుకున్నాను. ఎనభైల మొదట్లో ఒక కంపెనీ వాళ్లు కొండమీద గిన్నెలు తిరిగే స్తంభం నాటి, రోజూ అంకె రాసిపెట్టమని నన్ను కుదుర్చుకున్న మాట నిజం. సగం రోజులు నేను కొండ ఎక్కలేదు. మా మిద్దె మీద ఆరేసిన లుంగీ ఎంత ఊగితే అంత రాశాను.

గాలి వీచినప్పుడు మరలు తిప్పాలి, పడిపోయినప్పుడు కట్టె మండించి కరెంటు తీయాలి. ఇదీ కంపెనీ ఆలోచన. మా వైపు అడవి లేదు. పత్తి ఏరుకున్నాక చేలో నిలిచిపోయే మోళ్లే కట్టె. హైదరాబాదు నుంచి వచ్చిన ఆఫీసరు వాటిని ఎవరికీ పట్టని చెత్త అనుకున్నాడు. ఎమ్మిగనూరు దాటి నందవరం దారిలో ఉన్న ఊళ్లకు పోయి, ఎవరికెంత కట్టె ఉందో పేర్లు రాసుకు రమ్మన్నాడు. పేరు రాసిన వాళ్లతోనే ఒప్పందం.

మొదటి ఊళ్లో ఒక రైతు అరుగు మీద కూర్చుని, చేలున్న పన్నెండు మంది పేర్లు రాసేసి పని అయిందనుకున్నాను. అంతలో ఒక కూలిమనిషి వచ్చి నా ముందు నిలబడింది.

"నా కట్టె ఈయప్ప పేర రాసినావంట గదప్పా."

చేను ఆయనదే కదా అన్నాను.

"సేను ఆయనదే, కాదంటినా? పత్తీ ఆయనదే. కట్టె పీకినోళ్లది. మా అత్త కాలం నుంచీ అంతే. ఏడాదంతా నా పొయ్యిలోకి అదే. మీరు ఎత్తుకపోతే పిండి పచ్చిది మింగల్నా?"

మోళ్లు పీకే పనికి కూలి ఉండదట, పీకిన కట్టే కూలి. పట్నంలో పుట్టిన నాకు అది తెలియదు. కంపెనీ కూలి డబ్బులిస్తుందని చెప్పి చూశాను.

"రూపాయి మండుతాదా పొయ్యిలో? రా, ఒక్క కట్టె పీకు. వస్తే నీ పేరే రాసుకో."

చేలోకి పోయాం. సాలు మొత్తం పీకానని తర్వాత ఇంట్లో చెప్పాను, స్నేహితులకు పది కట్టెలన్నాను. ఒక్కటీ రాలేదు. నల్లరేగడి ఎండి బిగుసుకుంది. రెండోదానికి అరచెయ్యి చీలింది, మూడోదానికి వెల్లకిలా పడ్డాను. పక్క సాల్లో ఉన్న ఆడవాళ్లు నవ్వారు. ఆమె నవ్వలేదు. కొంగు చేతికి చుట్టుకుని, వంగి, ఒక్క మెలితో పీకి నా పక్కన పడేసింది.

పన్నెండు పేర్లూ కొట్టేశాను. పీకేవాళ్లను గుడిసె గుడిసెకూ పోయి రాసుకునేసరికి మూడు రోజులు పట్టింది, పుస్తకం సగం నిండింది. జీపులో ఆ ఊరికి వచ్చిన ఆఫీసరు అది చూసి, ఇంతమందితో ఒప్పందం ఎట్లా అన్నాడు. బల్ల గుద్ది అది పేదోళ్ల పొయ్యి అని అరిచానని ఆదోనిలో చెప్పుకున్నాను. అక్కడ బల్లే లేదు. జీపు పక్కన, చీలిన చెయ్యి వెనక్కి పెట్టుకుని, అమ్మడానికి అది రైతులది కాదు సార్ అన్నాను, అంతే. ఆయన అరుగు మీది రైతును అడిగాడు.

"కట్టె పీకే ఆయమ్మ సెప్పేది నిజమేలే సార్" అన్నాడు రైతు, నేలకేసి చూస్తూ.

పైవాళ్లను అడిగి వస్తానని పోయిన ఆఫీసరు మళ్లీ రాలేదు. కంపెనీని తరిమింది నేనే అని కొన్నాళ్లు చెప్పాను. వాళ్లు ఎందుకు రాలేదో నాకు తెలియదు.

ఆ ఎండాకాలం నందవరం బస్సులో పోతూ ఆ ఊళ్లో దిగాను. ఆమె కూలికి పోయినట్టుంది, తలుపు దగ్గరగా వేసి ఉంది. గోడ పక్కన పత్తి కట్టె కుప్ప చూరును తాకుతోంది. ఆ చూరు నా భుజం దాకానే ఉండేది, అది కూడా చెప్పాలి.